మూసిన వార్డు తలుపు తెరిచాక ఖర్చు ఎవరిది?

పుదుచ్చేరి రైల్వే స్టేషన్ పరిసరాలలో ఒక వ్యక్తి మతిస్థిమితం లేక తిరుగుతున్నాడనుకుందాం. పేరు చెప్పలేడు, ఊరు చెప్పలేడు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అటువంటి వ్యక్తిని రక్షణలోకి తీసుకొని, 24 గంటలలోగా సమీప ప్రభుత్వ వైద్యశాలకు చేర్చే బాధ్యత పోలీసులది. పేదరిక రేఖకు దిగువన ఉన్నవారికి, నిరాశ్రయులకు ప్రభుత్వ సంస్థలలో వైద్యం ఉచితం. ఇందుకు నిరాశ్రయుల వద్ద కార్డు లేకపోయినా అభ్యంతరం లేదు. అంతవరకు దారి స్పష్టమే. వైద్యం ముగిసిన తరువాత అతడు ఎక్కడ ఉండాలన్నదే చిక్కు.

ముందుగా, ఏ ప్రభుత్వం చెల్లించాలి? కేంద్రం నిర్వహించే సంస్థ అయితే కేంద్రమే బాధ్యురాలని చట్టం చెబుతోంది. శాసనసభ ఉన్న కేంద్రపాలిత ప్రాంతంలోని ఇతర ప్రభుత్వ సంస్థలకు ఆ ప్రాంత ప్రభుత్వం బాధ్యత వహించాలి. పుదుచ్చేరి పట్టణంలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. జిప్మర్ కేంద్ర సంస్థ. ఇందిరాగాంధీ ప్రభుత్వ సాధారణ ఆసుపత్రి స్థానిక ప్రభుత్వానిది. ఒకే పట్టణంలోని రోగి ఏ గేటులోంచి లోపలికి వెళ్లాడన్న దాన్నిబట్టి ఖర్చు ఖాతా మారిపోతుంది.

రోగి ఇష్టంతో పని లేకుండా వార్డులో ఉంచే అధికారానికి కూడా చట్టం గడువులు పెట్టింది. మొదటి విడత 30 రోజులు. ఆపైన కొనసాగించాలంటే ఇద్దరు మనోవైద్యులు విడివిడిగా పరీక్షించాలి, మానసిక ఆరోగ్య సమీక్షా మండలి అనుమతించాలి. తొలి పొడిగింపు 90 రోజులు, తరువాత 120, ఆ తరువాత ఒక్కొక్కసారి 180 రోజుల వరకు. గొలుసులతో బంధించడం, ఏకాంత నిర్బంధం పూర్తిగా నిషిద్ధం.

ఈ నిషేధం వెనుక ఒక విషాదం ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమం తగలబడింది. గొలుసులతో కట్టివేసి ఉన్నందున పారిపోలేక 28 మంది మానసిక రోగులు మరణించారు. వారిని అక్కడ వదిలిన కుటుంబాలన్నీ క్రూరమైనవని అనలేము. దీర్ఘకాలం చూసుకునే ప్రభుత్వ ఏర్పాటు అందుబాటులో లేకపోతే పేద ఇంటికి మిగిలే దారులు కొన్నే.

ఆ లోటును తీర్చడానికే చట్టంలోని 19వ సెక్షన్ ఉంది. కుటుంబం లేదనో, కుటుంబం అంగీకరించడం లేదనో, బయట వసతి లేదనో ఎవరినీ వైద్యశాలలో కొనసాగించరాదు. హాఫ్‌వే హోమ్‌లు, సామూహిక నివాసాల వంటివి ప్రభుత్వమే నెలకొల్పాలి, లేదా వాటికి తోడ్పడాలి. కోలుకున్నా ఆసుపత్రులలోనే మిగిలిపోయిన వారి పునరావాసంపై సుప్రీంకోర్టు కూడా 2017లో రాష్ట్రాలను, కేంద్రాన్ని కదిలించింది.

అయితే నిధుల ప్రవాహం వేరే దారిలో సాగుతోంది. 2023-24 కేంద్ర బడ్జెట్‌లో బెంగళూరులోని నిమ్హాన్స్‌కు 721 కోట్ల రూపాయలు, టెలీ-మానస్ సేవకు 134 కోట్లు కేటాయించారు. ఇవి అవసరమైన పద్దులే. కాని బయట నివాసపు ఖర్చు వీటిలో కనిపించదు. హాఫ్‌వే హోమ్‌లకు తోడ్పడే దీనదయాళ్ పథకం ఆరోగ్య శాఖది కాదు, సామాజిక న్యాయ శాఖది. ఆ సొమ్ము స్వచ్ఛంద సంస్థల ద్వారా వెళుతుంది. వార్డులోని మంచం ఒక శాఖ లెక్క, బయటి ఇల్లు మరో శాఖ లెక్క. రెండో లెక్క ఖాళీగా ఉంటే మొదటి మంచం ఖాళీ కాదు, కొత్త రోగికి చోటు దొరకదు.

యానాం వాసులకు ఈ చిక్కు రెట్టింపు. వారి పాలనా రాజధాని 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల అంతకంటే ఎంతో దగ్గర, కాని అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానిది. సొంత జిల్లాలో కనీస సేవలు లేకుంటే అదే జిల్లాలోని మరో వైద్యశాలలో పొందిన చికిత్సకు ప్రభుత్వం చెల్లించాలని చట్టం అంటోంది. పొరుగు రాష్ట్రపు వైద్యశాల సంగతి ఆ నిబంధనలో లేదు.

వార్డులో ఉంచడంపై అభ్యంతరం ఉన్న రోగి గాని, ఆయన నియమించుకున్న ప్రతినిధి గాని సమీక్షా మండలికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఇందుకు న్యాయ సహాయం ఉచితంగా పొందే హక్కు ఉంది. ఆ హక్కు సంగతి రోగికి చెప్పవలసిన బాధ్యత వైద్యాధికారిదీ, పోలీసు అధికారిదీ, మేజిస్ట్రేటుదీ.