రైతు బజార్లలో ఆహార సహాయం

రైతు బజారు అనగా రైతులు తాము పండించిన కూరగాయలను, పండ్లను దళారులు లేకుండా వినియోగదారులకు నేరుగా అమ్ముకొనుటకు ప్రభుత్వం ఏర్పాటు చేసిన మార్కెట్టు. తెలంగాణలోని నల్గొండ, మహబూబ్ నగర్ వంటి పలు పట్టణాలలో ఇవి ఉన్నాయి. కొనేవారికి తక్కువ ధర, పండించినవారికి గిట్టుబాటు ధర అనునవి వీటి రెండు లక్ష్యాలు. పేద కుటుంబాలకు ధర ఇంకా తగ్గించవలసి వచ్చినపుడు ఆ భారం ఎవరు మోయాలన్నదే ఇచ్చటి ఆహార సహాయంలో ప్రధానమైన అంశం.

చరిత్ర

పంజాబులో 1987లో మొదలైన అప్నీ మండీలు ఇటువంటి మార్కెట్లకు తొలి నమూనా. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ లో 1999 జనవరి 26న, నారా చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, రైతు బజార్లు ప్రారంభమయ్యాయి. అదే సంవత్సరం నవంబరులో తమిళనాడులో ఉళవర్ సందై అను పేరుతో ఇటువంటి మార్కెట్లు మొదలయ్యాయి.

నిర్వహణ, నిధులు

సమీప గ్రామాల రైతులను అధికారులు గుర్తించి కార్డులు ఇస్తారు. రైతుల నుండి అద్దె గాని, రుసుము గాని వసూలు చేయకుండుట, తూకపు కాటాలు ఉచితంగా ఇచ్చుట ఈ పథకంలోని ముఖ్యాంశాలు. నిర్వహణ వ్యయానికి ప్రధాన ఆధారం వ్యవసాయ మార్కెట్ కమిటీల నిధులు. వ్యాపారులు కొనుగోలు విలువపై చెల్లించే మార్కెట్ రుసుము ఈ కమిటీలకు ముఖ్య ఆదాయం.

ధర సాధారణంగా టోకు ధర కంటే సుమారు 25 శాతం ఎక్కువగాను, బయటి చిల్లర ధర కంటే సుమారు 25 శాతం తక్కువగాను ఉండునట్లు నిర్ణయిస్తారు. ఉదాహరణకు టోకు ధర కిలో 20 రూపాయలు, చిల్లర ధర 40 రూపాయలు అయినచో బజారు ధర 25 నుండి 30 రూపాయల మధ్య ఉంటుంది. ఈ తగ్గింపు దళారుల వాటా నుండి వచ్చినది. ధనిక, పేద తేడా లేకుండా అందరికీ ఒకే ధర వర్తిస్తుంది. దీనికంటే ధర తగ్గించాలంటే వేరే నిధులు కావాలి, లేనిచో రైతే నష్టపోతాడు.

రాయితీ అమ్మకాలు

2015 ఆగష్టులో ఉల్లిగడ్డ ధర పెరిగినపుడు తెలంగాణ ప్రభుత్వం రైతు బజార్లలో కిలో 20 రూపాయలకు అమ్మించి, వ్యత్యాసాన్ని తాను భరించింది. అయితే ఇటువంటి అమ్మకాలు ధరలు పెరిగిన కాలానికి మాత్రమే పరిమితం. ఉల్లి మార్కెట్టుకు పేరుపొందిన దేవరకద్ర వంటి ప్రాంతాలలో పంట చేతికి వచ్చే సమయంలో వీటిని కొనసాగిస్తే స్థానిక రైతుల ధర పడిపోయే ప్రమాదం ఉంది.

రేషను, కూరగాయలు

పేదలకు నిరంతరంగా అందే ఆహార సహాయం ప్రధానంగా బియ్యం రూపంలో ఉన్నది. 2015 జనవరి నుండి తెలంగాణలో ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల బియ్యం కిలో రూపాయికి ఇచ్చారు. 2025 మార్చి 30న పూర్వపు నల్గొండ జిల్లాకు చెందిన హుజూర్ నగర్ లో ఉచిత సన్నబియ్యం పంపిణీ ప్రారంభమైంది. రేషను కార్డుపై కూరగాయలు లభించవు. ఆహారంలో కాల్షియం, విటమిన్ సి లోపించినచో ఫ్లోరోసిస్ తీవ్రత పెరుగుతుంది కనుక, ఫ్లోరైడు నీటితో దీర్ఘకాలం బాధపడిన మర్రిగూడ, నాంపల్లి వంటి మండలాలలో ఆకుకూరలు, పండ్లు అందుబాటులో ఉండుట మరింత అవసరం.

ఇతర దేశాలలో

అమెరికాలో ప్రభుత్వ ఆహార సహాయం పొందే కుటుంబాలు రైతుల మార్కెట్లో ఖర్చు చేసిన సొమ్ముకు సమానంగా, ఒక పరిమితి వరకు, కూరగాయలు, పండ్లు కొనుటకు అదనపు విలువ ఇచ్చే పథకాలు ఉన్నాయి. 2009లో డెట్రాయిట్ లో మొదలైన డబుల్ అప్ ఫుడ్ బక్స్ వీటిలో ప్రసిద్ధమైనది. 2014 వ్యవసాయ చట్టం ఇటువంటి పథకాలకు ఐదేళ్ళలో 10 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ నిధులు పొందిన సంస్థలు అంతే మొత్తాన్ని దాతల నుండి గాని, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల నుండి గాని సమకూర్చుకోవలసి ఉండేది. ఈ పద్ధతిలో రాయితీ కొనేవారికి చేరుతుంది, రైతుకు పూర్తి ధర లభిస్తుంది.

రైతు బజారు పద్ధతిలో సహాయం ధర రూపంలో ఉంటుంది, రెండవ పద్ధతిలో కుటుంబానికి చెందుతుంది. మొదటిది నడుపుట సులభం, కానీ పేదలను వేరుగా గుర్తించదు. రెండవది పేదలకే చేరుతుంది, కానీ దానికి ప్రతి సంవత్సరం నిధులు, అమ్మకాల లెక్కలు, రైతులకు సకాలంలో చెల్లింపులు అవసరం.