ఆసియా కప్ ఫుట్‌బాల్: ఏడు దశాబ్దాల చరిత్ర, రికార్డులు.. భారత్ రన్నరప్‌గా నిలిచింది ఒక్కసారే

హైదరాబాద్: ఆసియా ఖండంలో జాతీయ ఫుట్‌బాల్ జట్ల మధ్య జరిగే అత్యున్నత పోటీ ఏఎఫ్‌సీ ఆసియా కప్. 1956లో నాలుగు జట్లతో మొదలైన ఈ టోర్నమెంటులో ఇప్పుడు 24 జట్లు తలపడుతున్నాయి. ఇప్పటివరకు 18 పర్యాయాలు జరగగా, తొమ్మిది దేశాలు విజేతలుగా నిలిచాయి. ఆ జాబితాలో భారత్ పేరు లేదు. 1964లో సాధించిన రెండో స్థానమే నేటికీ భారత్‌కు అత్యుత్తమ ఫలితం. సౌదీ అరేబియా ఆతిథ్యమివ్వనున్న 2027 టోర్నీకి భారత జట్టు అర్హత సాధించలేకపోయింది. ఈ నేపథ్యంలో ఆసియా కప్ ప్రస్థానం, ప్రధాన రికార్డులు, భారత్ ఎదుగుదలలో హైదరాబాద్ పాత్ర గురించిన వివరాలివి.

ఆరంభం ఇలా..

ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య 1954 మే 8న ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో ఏర్పడింది. మరో రెండేళ్లకే హాంకాంగ్ వేదికగా తొలి ఆసియా కప్ జరిగింది. దక్షిణ కొరియా, ఇజ్రాయెల్, హాంకాంగ్, దక్షిణ వియత్నాం జట్లు లీగ్ పద్ధతిలో తలపడగా దక్షిణ కొరియా విజేతగా నిలిచింది. 1960లో సొంతగడ్డపై ఆ జట్టే టైటిల్ నిలబెట్టుకుంది. ఆనాడు ప్రత్యేకంగా ఫైనల్ ఉండేది కాదు. ఎక్కువ పాయింట్లు సాధించిన జట్టుకే కప్పు దక్కేది. ఫైనల్ మ్యాచ్‌తో విజేతను తేల్చే విధానం 1972లో మొదలైంది.

జట్ల సంఖ్య క్రమంగా పెరుగుతూ వచ్చింది. 1980లో 10 జట్లు, 1996లో 12, 2004లో 16 జట్లు పాల్గొన్నాయి. 2019 నుంచి 24 జట్లకు అవకాశం కల్పించారు. ఒలింపిక్స్, యూరో కప్ జరిగే సంవత్సరంలోనే ఆసియా కప్ కూడా రావడాన్ని నివారించేందుకు 2008లో జరగవలసిన టోర్నీని 2007కు మార్చారు. ఆ ఏడాది ఇండోనేసియా, మలేసియా, థాయిలాండ్, వియత్నాం ఉమ్మడిగా ఆతిథ్యమిచ్చాయి.

ఖండం రాజకీయాల ప్రభావం ఈ పోటీపై మొదటినుంచీ ఉంది. 1964 విజేత ఇజ్రాయెల్‌ను 1974లో ఆసియా సమాఖ్య నుంచి తొలగించారు. మరోవైపు ఓషియానియా సమాఖ్యను వీడిన ఆస్ట్రేలియా 2006లో ఆసియాలో చేరి, 2015లో సొంతగడ్డపై టైటిల్ గెలుచుకుంది.

విజేతలు వీరే

• జపాన్ - 4 సార్లు (1992, 2000, 2004, 2011)
• ఇరాన్ - 3 సార్లు (1968, 1972, 1976)
• సౌదీ అరేబియా - 3 సార్లు (1984, 1988, 1996)
• దక్షిణ కొరియా - 2 సార్లు (1956, 1960)
• ఖతార్ - 2 సార్లు (2019, 2023)
• ఇజ్రాయెల్ (1964), కువైట్ (1980), ఇరాక్ (2007), ఆస్ట్రేలియా (2015) - ఒక్కోసారి

వరుసగా మూడు టైటిళ్లు గెలిచిన ఏకైక జట్టు ఇరాన్. మొదటి రెండు టోర్నీలను గెలిచిన దక్షిణ కొరియా ఆ తర్వాత 1972, 1980, 1988, 2015లలో నాలుగుసార్లు ఫైనల్‌కు చేరినా కప్పు అందుకోలేకపోయింది. 2023 టోర్నీ నిజానికి 2024 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఖతార్‌లో జరిగింది. ఫైనల్లో ఆతిథ్య జట్టు 3-1తో జోర్డాన్‌ను ఓడించగా, ఆ మూడు గోల్సూ అక్రమ్ అఫీఫ్ పెనాల్టీల ద్వారానే సాధించాడు.

టోర్నీ చరిత్రలో అత్యధిక గోల్స్ ఇరాన్ ఆటగాడు అలీ దాయీ పేరిట ఉన్నాయి. ఆయన మొత్తం 14 గోల్స్ చేశాడు. ఒకే టోర్నీలో అత్యధికంగా 9 గోల్స్ చేసిన రికార్డు ఖతార్‌కు చెందిన అల్మోయెజ్ అలీది (2019). అంతకుముందు 1996లో దాయీ చేసిన 8 గోల్స్ రికార్డుగా ఉండేవి. 1976లో దక్షిణ యెమెన్‌పై ఇరాన్ 8-0తో సాధించిన గెలుపు అతిపెద్ద విజయంగా నమోదైంది.

అంకెలకు అందని విజయమూ ఒకటి ఉంది. 2007లో దేశం యుద్ధంతో, అంతర్గత ఘర్షణలతో అతలాకుతలమవుతున్న వేళ షియా, సున్నీ, కుర్దు వర్గాల ఆటగాళ్లతో కూడిన ఇరాక్ జట్టు జకార్తాలో జరిగిన ఫైనల్లో 1-0తో సౌదీ అరేబియాను ఓడించింది. కెప్టెన్ యూనిస్ మహమూద్ తలతో కొట్టిన గోల్ ఆ మ్యాచ్‌ను నిర్ణయించింది.

1964: రెండో స్థానం ఎలా దక్కింది?

ఇజ్రాయెల్ ఆతిథ్యమిచ్చిన 1964 ఆసియా కప్‌కు రాజకీయ కారణాలతో అనేక దేశాలు దూరంగా ఉన్నాయి. అర్హత దశలో ప్రత్యర్థులు తప్పుకోవడంతో భారత్ నేరుగా ప్రధాన టోర్నీలో అడుగుపెట్టింది. బరిలో ఉన్నవి నాలుగే జట్లు. ఆ రెండో స్థానాన్ని అంచనా వేసేటప్పుడు ఈ అంశాలను మరువరాదు.

అయితే మైదానంలో సాధించిన ఫలితాలు తేలికైనవి కావు. చునీ గోస్వామి నాయకత్వంలోని భారత్ తొలి మ్యాచ్‌లోనే అప్పటికి రెండుసార్లు విజేత అయిన దక్షిణ కొరియాను 2-0తో ఓడించింది. అప్పలరాజు, ఇందర్ సింగ్ చెరో గోల్ చేశారు. ఆతిథ్య ఇజ్రాయెల్ చేతిలో 0-2 తేడాతో ఓడింది. చివరి మ్యాచ్‌లో హాంకాంగ్‌పై 3-1తో గెలిచింది. ఇందర్ సింగ్, సుకుమార్ సమాజ్‌పతి, చునీ గోస్వామి గోల్స్ సాధించారు. మూడు మ్యాచ్‌లూ గెలిచిన ఇజ్రాయెల్‌కు కప్పు, రెండు గెలిచిన భారత్‌కు రెండో స్థానం దక్కాయి. రెండు గోల్స్ చేసిన ఇందర్ సింగ్, ఇజ్రాయెల్ ఆటగాడు మొర్దెకాయ్ స్పీగ్లర్‌తో కలిసి టోర్నీలో అత్యధిక గోల్స్ సాధించిన ఆటగాడిగా నిలిచాడు.

ఆ జట్టు వెనుక హైదరాబాద్

1964లో భారత శిక్షకుడు ఇంగ్లండ్‌కు చెందిన హ్యారీ రైట్. కానీ ఆ జట్టును అంతకుముందు 13 ఏళ్లపాటు తీర్చిదిద్దినది హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఉపాధ్యాయ వృత్తి నుంచి ఫుట్‌బాల్ శిక్షణలోకి వచ్చిన రహీం, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ విజేతగా నిలిపారు. ఆయన శిక్షణలో భారత్ 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది.

జకార్తా క్రీడల ఫైనల్లో భారత్ ఓడించినది కూడా దక్షిణ కొరియానే. లీగ్ దశలో అదే జట్టు చేతిలో 0-2తో ఓడిన భారత్, ఫైనల్లో పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ గోల్స్‌తో 2-1తో గెలిచింది. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆసియా కప్ రన్నరప్ ట్రోఫీ వచ్చేనాటికి ఆయన లేరు.

రహీం తరంలో హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాల ఆటగాళ్లకు జాతీయ జట్టులో ప్రత్యేక స్థానం ఉండేది. హైదరాబాద్‌లో జన్మించిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ 1962 స్వర్ణంలోనూ, 1964 ఆసియా కప్‌లోనూ భాగస్వామి. 1967లో ఆయన అర్జున పురస్కారం అందుకున్నారు. సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం మెల్‌బోర్న్, జకార్తా జట్లలో ఆడారు. అనారోగ్యం కారణంగా 27 ఏళ్లకే ఆటకు వీడ్కోలు పలకవలసి రావడంతో 1964 టోర్నీకి దూరమయ్యారు.

ఆ తర్వాత ఏమైంది?

1964 తర్వాత భారత్ మళ్లీ ఆసియా కప్‌లో కనిపించడానికి 20 ఏళ్లు పట్టింది. 1984లో సింగపూర్‌లో ఇరాన్‌తో గోల్ లేని డ్రా మినహా మిగిలిన మూడు మ్యాచ్‌లూ ఓడింది. అనంతరం 27 ఏళ్ల విరామం. 2008లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ గెలవడం ద్వారా 2011 టోర్నీకి చేరినా ఆస్ట్రేలియా, బహ్రెయిన్, దక్షిణ కొరియా చేతుల్లో పరాజయాలు తప్పలేదు.

2019 జనవరి 6న అబుదాబిలో థాయిలాండ్‌పై 4-1తో గెలిచి, 55 ఏళ్ల తర్వాత ఆసియా కప్‌లో తొలి విజయం నమోదు చేసింది. కానీ బహ్రెయిన్‌తో మ్యాచ్ చివరి క్షణాల్లో ఇచ్చిన పెనాల్టీ నాకౌట్ అవకాశాన్ని దూరం చేసింది. 2023 టోర్నీలో మూడు మ్యాచ్‌లూ ఓడి ఒక్క గోల్ కూడా చేయలేకపోయింది.

ఐదు టోర్నీల్లో భారత్ మొత్తం 16 మ్యాచ్‌లు ఆడి మూడింటిలో నెగ్గింది. ఒకటి డ్రా కాగా 12 ఓడింది. 12 గోల్స్ చేసి 33 సమర్పించుకుంది. అందులో నాలుగు గోల్స్ సునీల్ ఛెత్రీవే. 2027 అర్హత పోటీల్లో 2025 అక్టోబరులో సొంతగడ్డపై సింగపూర్ చేతిలో 1-2తో ఓడటంతో భారత్ ఆశలు ముగిశాయి.

తెలుగు నేలపై ఫుట్‌బాల్ పరిస్థితి కూడా ఇదే దారిలో సాగింది. జాతీయ స్థాయి సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57, 1957-58లలో, ఆంధ్రప్రదేశ్ 1965-66లో గెలిచాయి. ఆ తర్వాత తెలుగు జట్టుకు ఆ ట్రోఫీ దక్కలేదు. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ కొత్త ఆశలు రేపినా, ఆర్థిక ఇబ్బందుల అనంతరం 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది.

వేదికలకు మాత్రం లోటు లేదు. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్‌కు, అదే ఏడాది డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్‌కు గచ్చిబౌలి స్టేడియం ఆతిథ్యమిచ్చింది. ఆ ఫైనల్లో తలపడినవి పశ్చిమ బెంగాల్, కేరళ. రహీం కాలంలో పాఠశాల, పోలీసు, స్థానిక టోర్నీల ద్వారా ఆటగాళ్లు జాతీయ జట్టుకు చేరేవారు. ఆసియా కప్ చరిత్రలో భారత్ సాధించిన మూడు విజయాల్లో రెండు ఆ తరానివే.