వేడి ఎక్కడికి పోతుంది?

శత్రువు తుపాకీతో రాడు. రాక్షసుడు మీద పడడు. గది మెల్లగా వేడెక్కుతుంది... అంతే! ఎండనే విలన్‌గా మార్చేసిన వీడియోగేమ్‌లు కొన్ని ఉన్నాయి. అవి ఆడే పిల్లలు తమకు తెలియకుండానే భౌతికశాస్త్రం నేర్చేసుకుంటున్నారు.

బయట 45 డిగ్రీలు. వడగాలి. పొలంలో మొక్కలు తలలు వాల్చేశాయి. ఇంట్లో ఒకరికి వడదెబ్బ తగిలింది. అంతలో కరెంటు పోయింది. దాచుకున్న మాంసం కాసేపట్లో పాడైపోతుంది...

మే నెలలో రెంటచింతల సంగతనుకుంటున్నారా? కాదు, కంప్యూటర్ తెరమీద నడుస్తున్న ఆట!

ఇలాంటివాటిని ‘సర్వైవల్ గేమ్స్’ అంటారు. వీటిలో పరుగుపందేలుండవు, గోల్స్ ఉండవు. ఆకలి, దాహం, నిద్ర, చలి, ఎండ... వీటన్నిటినీ తట్టుకుని బతికి ఉండటమే గెలుపు. ఒకప్పుడు ఆటల్లో వేడి అంటే నిప్పుల గుండమే. అందులో పడితే ఒక ప్రాణం పోయేది. ఆ తర్వాత ఎడారులొచ్చాయి. 2017లో వచ్చిన ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’లో పగలు ఎడారిలోకి అడుగుపెడితే హీరో ప్రాణశక్తి తగ్గిపోతూ ఉంటుంది. తగిన బట్టలు వేసుకున్నా, చలవచేసే వంటకం తిన్నా గట్టెక్కుతాడు. బాగానే ఉంది కానీ, ఆ వేడి ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది అన్న లెక్క మాత్రం ఉండదు.

ఆ లెక్కే అసలు ఆటగా మారిన కథ ఇప్పుడు చూద్దాం.

నీడ... నీళ్లు... చల్లటి రాయి

కెనడాలోని వాంకూవర్‌కి చెందిన ‘క్లే ఎంటర్‌టైన్‌మెంట్’ సంస్థ ‘డోన్ట్ స్టార్వ్’ అనే ఆటకు కొనసాగింపుగా 2014లో ‘రైన్ ఆఫ్ జెయింట్స్’ను తెచ్చింది. అందులో ఎండాకాలం వస్తే నాటిన మొక్కలూ, కట్టుకున్న కట్టడాలూ ఉన్నట్టుండి పొగలు కక్కి అంటుకుంటాయి. మనిషి ఒంటివేడి 70 దాటిందా, ప్రాణానికి ముప్పే. చెట్లనీడకు చేరాలి, గొడుగు పట్టాలి. లేదంటే ఓ ప్రత్యేకమైన రాయిని ఐస్‌పెట్టెలో పెట్టి, చల్లబడ్డాక జేబులో వేసుకుని తిరగాలి. సమయం గడిచేకొద్దీ రాయి చల్లదనం తరిగిపోతుంది. అప్పుడు మళ్లీ పెట్టెలోకి!

2025 జూన్‌లో వచ్చిన ‘డ్యూన్: అవేకెనింగ్’లో నీడే ఆస్తి. ఎర్రటి ఎండలో ఎక్కువసేపు నిలబడితే ఒంట్లో నీరు వేగంగా ఇంకిపోతుంది. అందుకే ఆటగాళ్లు రాళ్లనీడ వెతుక్కుంటూ ఒక బండ దగ్గర్నుంచి మరో బండకి పరిగెడతారు. మిట్టమధ్యాహ్నం రోడ్డుకి నీడున్న వైపే నడిచే మనకు ఈ తెలివి ఒకరు నేర్పాలా!

ఒక పక్క చలి... మరో పక్క సెగ

ఇదంతా ఆరుబయటి సంగతి. ఇల్లు కట్టుకుని, ఆ ఇంటిని చల్లబరుచుకోవాల్సి వస్తే?

కెనడాకే చెందిన టైనన్ సిల్వెస్టర్ రూపొందించిన ‘రిమ్‌వరల్డ్’ 2018లో పూర్తిస్థాయిలో విడుదలైంది. తెలియని గ్రహంమీద చిక్కుకున్న కొద్దిమందికి ఊరు కట్టివ్వడం ఇందులో మన పని. ప్రతి గదికీ ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. తలుపు తెరిస్తే బయటి వేడి లోపలికొస్తుంది. పైకప్పు లేకపోతే చల్లదనం నిలవదు. గోడను రెండు వరసలు కడితే మేలు. కొండను తొలిచి కట్టిన గదులు ఎండాకాలంలోనూ హాయిగా ఉంటాయి.

గోడలో బిగించే కూలర్‌కి రెండు ముఖాలు. నీలంరంగు వైపు చల్లగాలి, ఎరుపురంగు వైపు వేడిగాలి. కొత్తగా ఆడేవాళ్లు ఎరుపు వైపును పక్కగదిలోకి తిప్పేస్తుంటారు. ఇంకేముంది... ఈ గది ఊటీ, ఆ గది ఇటుకబట్టీ! ఎరుపు వైపు ఎప్పుడూ ఆరుబయటికే ఉండాలని దెబ్బ తిన్నాక గానీ తెలిసిరాదు. ఆకాశంలో సౌరజ్వాల రేగితే కరెంటు పరికరాలన్నీ మూగబోతాయి. అప్పుడు ఆదుకునేది కరెంటుతో పనిలేని, ఆవిరితో చల్లబరిచే కూలరే. తమాషా ఏమిటంటే, దానికి నీళ్లు కాదు, కట్టెలు వేయాలి!

ఆ ఒక్కటీ వదిలేస్తే మిగతాదంతా మన ఇంటి ఏసీ కథే. ఒక టన్ను ఏసీ గదిలోంచి సుమారు మూడున్నర కిలోవాట్ల వేడిని తోడేస్తుంది. అందుకు దాదాపు ఒక కిలోవాట్ కరెంటు తాగుతుంది. ఆ రెండూ కలిసి నాలుగున్నర కిలోవాట్ల సెగ వీధిలోకి వెళ్తుంది. అన్నట్టు, టన్ను అంటే ఏసీ బరువు కాదు. ఒక అమెరికన్ టన్ను, అంటే 907 కిలోల ఐసు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత అని లెక్క.

చలిని తయారుచేయలేం!

ఈ లెక్కను పట్టుదలగా చివరిదాకా తీసుకెళ్లిన ఆట ‘ఆక్సిజన్ నాట్ ఇంక్లూడెడ్’. ఇదీ క్లే సంస్థదే. 2019 జులైలో పూర్తిగా విడుదలైంది. ఓ గ్రహశకలం లోపల చిన్న కాలనీ. ప్రతి గడికీ ఉష్ణోగ్రత ఉంటుంది. ప్రతి పదార్థం ఎంత వేడిని దాచుకోగలదో, ఎంత వేగంగా పక్కకి పంపగలదో లెక్క ఉంటుంది. యంత్రాలు నడిచేకొద్దీ కాలనీ వేడెక్కుతుంది. 30 డిగ్రీలు దాటితే తిండిగింజలనిచ్చే మొక్క ఎదుగుదల ఆపేస్తుంది. అంటే, ఎండ తగలకుండానే కరవు!

గొట్టాల్లో పారే నీటిని 14 డిగ్రీలు చల్లబరిచే యంత్రం ఇందులో ఉంది. అయితే ఆ వేడంతా యంత్రం ఒంట్లోకే చేరుతుంది. దాన్ని అలా వదిలేస్తే కాలిపోతుంది. అందుకని ఆటగాళ్లు దాన్ని నీళ్లున్న మూసినగదిలో పెడతారు. నీళ్లు ఆవిరవుతాయి. ఆవిరి 125 డిగ్రీలకు చేరితే పైనున్న టర్బైన్ తిరుగుతుంది, కరెంటు వస్తుంది, 95 డిగ్రీల నీళ్లు బయటికొస్తాయి. ఆ గది వేడి పక్కకి పాకకుండా రెండు గోడల మధ్య గాలి లేకుండా చేస్తారు. ఫ్లాస్కులో కాఫీ వేడిగా ఉండేదీ ఈ సూత్రంతోనే.

ఇక్కడ ఆట ఓ చిన్న కిటుకు చేసింది. టర్బైన్ దగ్గర వేడి నిజంగానే మాయమైపోతుంది. వాస్తవంలో అది కుదరదు. థర్మల్ విద్యుత్కేంద్రాల్లో కనిపించే ఆ పెద్దపెద్ద కూలింగ్ టవర్లు ఉన్నది మిగిలిన వేడిని గాల్లోకి వదలడానికే. చలిని ఎవరూ తయారుచేయలేరు, వేడిని ఇంకోచోటికి తోలగలరంతే!

ఆటలో లేనిది... ఉక్కపోత

ఇంత లెక్కలు కట్టిన ఈ రెండు ఆటలూ ఒకదాన్ని వదిలేశాయి. గాలిలో తేమని! మన ప్రాణాలు తీసేది మాత్రం చాలాసార్లు అదే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో ఆరున్నర గంటల్లో పుట్టే వేడి అది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట కారుతుందే తప్ప ఆరదు. రామగుండంలో హాయినిచ్చే కూలర్ విశాఖలో చేతులెత్తేసేదీ అందుకే.

తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపించే వేడి 35 డిగ్రీలకు చేరితే మనిషి తట్టుకోలేడని 2010లో శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ 2022లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల్లోనే ఆ హద్దు 31 దగ్గర కనిపించింది. ఇక వృద్ధుల సంగతి చెప్పేదేముంది?

రిమ్‌వరల్డ్‌లో గోడలు వేడిని దాచుకోవు కూడా. మన కాంక్రీటు డాబా అలా కాదు. పగలంతా తాగిన ఎండను రాత్రంతా లోపలికి కక్కుతుంది. పైకప్పుకి ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత వేయమని 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్‌రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే. తోడేయాల్సిన వేడిని అసలు లోపలికే రానివ్వకపోతే ఖర్చూ తక్కువ, వీధిలోకి వదిలే సెగా తక్కువ.

ఆటలో మనిషి పోతే మళ్లీ మొదలుపెట్టొచ్చు. 2015 ఎండలకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 2,000 మందికి పైగా చనిపోయారు. కూలిపనికి ఎండలోకి వెళ్లక తప్పనివాళ్లు, వయసు మళ్లినవాళ్లు వారిలో ఎందరో. చల్లని గది ఉన్నవాడు తోలేసిన వేడి, అది లేనివాడి గుమ్మం ముందుకే చేరుతుంది. రిమ్‌వరల్డ్‌లో ఎరుపు వైపును పక్కగదిలోకి తిప్పడమంటే ఇదే కదా!

కాబట్టి, ‘ఎప్పుడూ ఆ కంప్యూటరేనా’ అని పిల్లల్ని కసిరేముందు ఒక ప్రశ్న వేసి చూడండి. మూసేసిన బాల్కనీలో ఏసీ బయటి యూనిట్ పెడితే ఏమవుతుందని! ఈ ఆటలు ఆడేవాళ్లయితే ఠక్కున చెప్పేస్తారు. ఆ తర్వాత డాబాకి సున్నం వేసే పని కూడా వాళ్లకే అప్పగించొచ్చు.