చివరి వీధి కొళాయి

కార్తీక బ్రహ్మోత్సవాల చివరి రోజు, పంచమి తీర్థం నాడు, పద్మసరోవరంలో మునగడానికి లక్షల మంది తిరుచానూరు వస్తారు. అంతమందికీ తాగడానికి, వంటకు నీళ్లు కావాలి. పక్కనే ఉన్న స్వర్ణముఖిలో ఏడాదిలో ఎక్కువ రోజులు కనిపించేది ఇసుకే. తిరుపతి నగరం దాహం తీర్చేది తెలుగుగంగ, కల్యాణి డ్యాం. అంత దూరం గొట్టాల్లో వచ్చే నీళ్లు శుద్ధి చేసినప్పుడు ఉన్నంత శుభ్రంగానే చివరి వీధి కొళాయిలో పడుతున్నాయా?

మన ఊళ్లలో చాలాచోట్ల నీళ్లు వేళకు వదిలి, వేళకు ఆపేస్తారు. ప్రమాదం ఆపిన గంటల్లోనే ఉంది. నీళ్లు నిండుగా పారుతున్నప్పుడు గొట్టానికి పగులున్నా నీరు బయటికే కారుతుంది. ఆపగానే లోపలి ఒత్తిడి పడిపోయి, అదే పగులు పక్కనున్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు మొదటి బిందెలో పడేది అదే. 2018 మార్చిలో గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి, అతిసారంతో పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లు చేసిన తప్పల్లా ఇంటి కొళాయి నీళ్లు తాగడమే.

ఇలా మురుగు కలిస్తే వెంటనే పసిగట్టడానికి నీళ్ల గొట్టానికి సెన్సరు అమర్చొచ్చు. అది పసిగట్టేది క్రిములను లెక్కపెట్టి కాదు. ఈ.కోలై ఉందో లేదో ల్యాబ్‌లో తేలడానికి దాదాపు ఒక రోజు పడుతుంది; ఈలోగా బిందె ఖాళీ అవుతుంది. అందుకే సెన్సరు క్లోరిన్‌ను చూస్తుంది. శుద్ధి కేంద్రంలో కలిపిన క్లోరిన్ దారిపొడుగునా క్రిములను చంపుతూ ఖర్చయిపోతుంది. వాడకందారుడి దగ్గరికి వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని ఐఎస్ 10500 ప్రమాణం చెబుతుంది. రోజూ 0.4 చూపే చోట ఒక ఉదయం సున్నాకు పడి, అప్పుడే నీటిలో మడ్డి కూడా పెరిగితే, దారిలో ఏదో కలిసిందని అనుమానించాల్సిందే. గాజుగొట్టంలో నీళ్లు పట్టి ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసి పసుపు రంగు చూసే పాత పరీక్ష చెప్పేదీ ఈ సంగతే. కాకపోతే అది ఆ ఒక్క నిమిషం మాట. సెన్సరు తెల్లవారుజామున మూడింటికి కూడా చూస్తూనే ఉంటుంది.

దాన్ని ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర పెడితే అంకెలు ఎప్పుడూ బాగానే ఉంటాయి. డబ్బులు ఒక్కదానికే ఉంటే చివరి వీధిలో పెట్టమంటాను. ఒత్తిడి కొలిచే మీటరు కూడా దాని పక్కనే ఉండాలి. సెన్సరు మీద పాచి పేరుకుంటే తప్పుడు అంకెలు చూపుతుంది కాబట్టి, శుభ్రం చేసి చేతి పరీక్షతో సరిచూసే మనిషి కావాలి. హెచ్చరిక రాగానే ఎవరి సంతకం కోసమూ ఆగకుండా వాల్వు కట్టేసే అధికారం ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఫిట్టరుకు ఇవ్వాలి.

పూరీ కూడా యాత్రికుల ఊరే. కొళాయి నీళ్లు 24 గంటలూ నేరుగా తాగొచ్చని 2021 జులైలో అక్కడ ప్రకటించారు. నీళ్లు ఆపకపోతే ఒత్తిడి పడిపోదు, మురుగు లోపలికి రాదు. ఒడిశా పట్టణాల్లో స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు 'జలసాథీ'లుగా ఇల్లిల్లూ తిరిగి, కొళాయి నీళ్లు పట్టి అక్కడికక్కడే పరీక్షించి చూపిస్తారు. తిరుచానూరు వీధుల్లోనూ అలాంటి సంఘాలకు కొదవ లేదు. వచ్చే పంచమి తీర్థానికి ముందే ఆ పని వాళ్లకు నేర్పి, చేతికి ఒక కిట్ ఇవ్వొచ్చు.