వేగమునకు వినయమే పగ్గము

మస్కట్ నగరమునందు వర్తకమునకు పేరెన్నికగన్న రూవి పేటలో నేడు కారు లేని జీవితమును ఊహించుట కష్టము. 1970లో సుల్తాన్ కాబూస్ సింహాసనమధిష్ఠించునాటికి ఒమాన్ దేశమంతటను 10 కిలోమీటర్ల తారురోడ్డు మాత్రమే యుండెనని చెప్పుదురు. అట్టి దేశమున జనించిన అహ్మద్ అల్ హార్తీ 2023లో ఫ్రాన్సు దేశపు లే మాన్స్ 24 గంటల పందెమునందు తన తరగతిలో ద్వితీయస్థానము నందుకొనెను. ఆ కారును ముగ్గురు చోదకులు వంతులవారీగా నడిపిరి. టైర్లు మార్చినవారును, ఇంధనము నింపినవారును, జెండాలు పట్టి నిలిచినవారును వేరు. వేగము ఒక్కని ఆర్జితము కాదను సత్యము అట్టి మహాపందెములయందు కంటె ట్రాక్ డే యను చిన్న వ్యాపారమునందు మరింత స్పష్టముగా గోచరించును.

ట్రాక్ డే నాడు పందెములు లేవు, బహుమతులు లేవు. సొంత కారుగల సామాన్యుడు రుసుము చెల్లించి, శిక్షకుని పర్యవేక్షణమున, ఎదురు వాహనములు రాని ట్రాక్‌పై తన కారును వేగముగా నడుపుట నేర్చుకొనును. అనుభవమునుబట్టి చోదకులను జట్లుగా విభజింతురు. ఒకరినొకరు దాటుట నిర్ణీతస్థలములందే, అదియు ముందువాడు దారి యిచ్చిన పిమ్మటనే. పసుపు జెండా ప్రమాదమును సూచించును. ఎర్ర జెండా కనబడినచో అందరును వేగము తగ్గించి ట్రాక్ విడిచి రావలసినదే.

ఒమాన్ వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును గనుక ఇట్టి వినోదములు శీతకాలమునందే శోభించును. మస్కట్ వారికి సీబ్ ప్రాంతమున ఒమాన్ ఆటోమొబైల్ అసోసియేషన్ వారి కార్టింగ్ ట్రాక్ కలదు. ఎంత చల్లని సాయంత్రమైనను, వేగముగా నడిపిన కారునకు బ్రేకులు కాగుట తప్పదు. అందుచేత శిక్షకుడు కడపటి చుట్టును, వీలైనంతవరకు బ్రేకు తొక్కనీయక, నెమ్మదిగా నడిపించును. కారు నిలిపిన పిమ్మట హ్యాండ్‌బ్రేకు లాగవద్దని, గేరులో నుంచి చక్రమునకు అడ్డు పెట్టుమని చెప్పును. టైరు వేడెక్కిన కొలది గాలి ఒత్తిడి పెరుగును గనుక, దిగిన వెంటనే మీటరు పెట్టి చూచి కొంత తీయుదురు. ఇంటికి బయలుదేరునపుడు మరల నింపుదురు.

ఈ వ్యాపారమును స్వల్పమూలధనముతో నడుపువానికి ట్రాక్ అద్దెయు, అంబులెన్సు ఖర్చును, శిక్షకుల వేతనములును పోగా మిగులునది కొంచెమే; తీర్పవలసిన ఋణములు మాత్రము పెక్కు. మలుపుకడ జెండా పట్టి గంటల తరబడి నిలిచియుండు మార్షలునకు ఋణము. బోల్టులను మరియొకమారు బిగించి చూచిన మెకానిక్కునకు ఋణము. ప్రాణమును తన మాటపై నుంచిన క్రొత్త చోదకునికి ఋణము. ఇది గ్రహించిన కొలది యజమాని స్వభావమే మారును. తొలుత తన నైపుణ్యమును ప్రదర్శింపగోరినవాడు క్రమముగా, బెదరుచున్న క్రొత్తవాని ప్రక్కసీటులో కూర్చుండి ఓర్పుతో నేర్పువాడగును. భద్రతావిషయమున సందేహము కలిగినచో, నష్టమునకు వెరవక, ఆనాటి కార్యక్రమమును నిలుపగలవాడగును. ఇతరుల జాగ్రత్తవలననే తాను క్షేమముగా నున్నానని ఎరిగి, తానును అంత జాగ్రత్తగా మెలగుటయే నిజమైన కృతజ్ఞత. మనిషి ఎదుగుదలయు అదియే.

ఇక మన హైదరాబాదున, 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ తీరమున ఫార్ములా ఈ యను విద్యుత్ కార్ల పందెము జరిగినది మొదలు మన యువకులలో ఈ క్రీడపై మక్కువ పెరిగినది. చెన్నై చెంత ఇరుంగాట్టుకోట్టైలో మోటారు పందెముల ట్రాక్ ఉండనే యున్నది. యువకులారా! అర్ధరాత్రి రోడ్లపై మీ ప్రాణములను, పరుల ప్రాణములను పణముగా నొడ్డకుడు. వేగము కావలెనన్న ట్రాక్‌కు పొండు. కడపటి చుట్టులో, జెండా పట్టి నిలిచిన ప్రతి మార్షలునకును చేయెత్తి నమస్కరింపుడు.