తాండూరు బండ.. యాసిడ్ బకెట్.. నా గృహప్రవేశం!

కొండాపూర్‌లో ఫ్లాట్ కొన్నప్పుడు హాల్లో తాండూరు బండలే వేయించాలని పట్టుబట్టింది నేనే. బిల్డర్ ఇస్తానన్న విట్రిఫైడ్ టైల్స్ వద్దన్నా. మాది వికారాబాద్ దగ్గర పల్లె. ఎండాకాలం మధ్యాహ్నాలు చాప కూడా లేకుండా ఆ నీలం బండల మీదే పడుకుని పెరిగా. ఈ ఫ్లాట్‌లో నాన్న రిటైర్మెంట్ డబ్బులు కూడా ఉన్నాయి. కాబట్టి ఆ ముచ్చట నాది ఒక్కడిదే కాదు.

బండలు వేసి పాలిష్ పట్టాక నేల అద్దంలా మెరిసింది. తర్వాత స్కర్టింగ్ పనిలో అక్కడక్కడా సిమెంట్ పడింది. "ఏం కాదు సార్, యాసిడ్ కొడితే సాఫ్ అయితది" అన్నాడు మేస్త్రీ. నేనేమో ఆఫీస్ కాల్‌లో ఉండి తలూపేశా. కాసేపటికి వచ్చి చూస్తే నేలంతా నురగ! సిమెంట్ పోయింది, దాంతోపాటు మెరుపూ పోయింది. గృహప్రవేశం ఇంకా పదకొండు రోజులే.

ఇంటర్ కెమిస్ట్రీ అప్పుడు గుర్తొచ్చింది. తాండూరు బండ అంటే సున్నపురాయి, ముఖ్యంగా కాల్షియం కార్బొనేట్. ఆ చుట్టుపక్కల సిమెంట్ ఫ్యాక్టరీలు ఉన్నది కూడా ఈ సున్నపురాయి కోసమే. యాసిడ్ తగిలితే కార్బన్ డయాక్సైడ్ బుడగలొస్తూ పైపొర కరిగిపోతుంది. నిమ్మరసం, చింతపండు పులుసు, బాత్రూమ్ క్లీనర్ అన్నీ చేసేది ఇదే, కాస్త మెల్లగా. అది మరక కాదు, కాబట్టి ఎంత తుడిచినా పోదు. మార్బుల్‌కీ, కడప రాయికీ ఇదే బాధ. గ్రానైట్ మాత్రం తట్టుకుంటుంది. మీ ఇంట్లో ఏ రాయో తెలియకపోతే, మిగిలిపోయిన ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి చూడండి. నేల మీద మాత్రం వద్దు.

అమ్మ వచ్చి చూసి, "మన ఇంట్ల ముప్పై ఏండ్ల సంది చారు ఒలుకుతనే ఉన్నది బిడ్డా, ఎన్నడన్న గిట్లయిందా?" అంది. నిజమే. ఊళ్లో బండకు పాలిష్ లేదు, పోవడానికి మెరుపే లేదు!

చివరికి వేరే మనిషిని పిలిపించి మెషిన్‌తో మళ్లీ పాలిష్ పట్టించా. సగం ఈఎంఐ అంత అయింది. గృహప్రవేశం అయితే ఆగలేదు.

నెల తిరక్కముందే కిటికీ మూలన తెల్లటి పొడి మొదలైంది. బండ కింద సిమెంట్‌లో ఉన్న తేమ పైకి వస్తూ ఉప్పును మోసుకొస్తుంది. నీళ్లు ఆవిరై ఉప్పు మిగిలిపోతుంది. దీనికీ యాసిడే మందని ఒకరు, వెంటనే సీలర్ కొట్టమని ఇంకొకరు చెప్పారు. రెండూ చేయలేదు. తడి ఆరకముందే సీలర్ కొడితే ఆ తేమ లోపలే చిక్కుకుని రాయి పాలిపోతుంది.

ఇప్పుడు వారానికోసారి పొడి బ్రష్‌తో దులుపుతున్నా. పొడి తగ్గుతోంది. సీలర్ డబ్బా బాల్కనీలో, ఎండాకాలం కోసం ఎదురుచూస్తోంది.