వాసన నేర్చుకునే బదనికలు

మెదక్ చుట్టుపక్కల, ఘనపురం ఆనకట్ట కింద వరి వేసే రైతుకు మొగి పురుగు కొత్త కాదు. అది కాండంలోకి దూరిందంటే మందు అందడం కష్టం. తెల్ల కంకులు కనబడేసరికి చేయి దాటిపోతుంది. అందుకే గుడ్డు దశలోనే దాన్ని ఆపే ట్రైకోగ్రామా బదనికను పొలంలో వదలమంటారు. అర మిల్లీమీటరుండే ఈ కందిరీగ, పురుగు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డులోంచి పురుగు రాదు, కందిరీగే వస్తుంది.

అంత పెద్ద పొలంలో ఇంత చిన్న జీవికి దారి చూపేది వాసన. ఏ వాసన వెంట పోవాలో బదనికలకు కొంత పుట్టుకతోనే తెలుసు, కొంత అనుభవంతో నేర్చుకుంటాయి. ఇంగ్లండులో థార్ప్, జోన్స్ 1937లోనే దీన్ని చూపించారు. నిల్వ పిండిని తినే పిండి పురుగు మీద పెరిగే ఒక కందిరీగ మామూలుగా మైనపు పురుగు వాసనను పట్టించుకోదు. మైనపు పురుగు మీద పెంచితే మాత్రం ఆ వాసన వైపూ నడిచింది. అయితే పిండి పురుగు మీద మొగ్గు పోలేదు.

అమెరికాలో లూయిస్, టమ్లిన్సన్ 1988లో ప్రచురించిన ప్రయోగం ఇంకా ఆశ్చర్యం. మైక్రోప్లైటిస్ అనే కందిరీగ, శనగపచ్చ పురుగుకు దగ్గరి చుట్టమైన ఓ పురుగు పెంటను మీసాలతో తడుముతుంది. అందులోని ఒక పదార్థాన్ని గుర్తుపట్టడం దానికి పుట్టుకతో వచ్చిన విద్యే. ఆ క్షణంలో అక్కడున్న వాసనను దాంతో ముడిపెట్టుకుంటుంది. వెనిలా వాసన జోడిస్తే, తర్వాత వెనిలా వైపే ఎగిరింది! ఈ నేర్పు ఉత్తినే రాలేదు. ఒకే పురుగు ఒకచోట పత్తి మీద, మరోచోట కంది మీద ఉంటుంది. పురుగు వాసన కొంచెం, మొక్క వాసన ఎక్కువ. ఆ ఊళ్లో ఆ రోజు ఏ మొక్క మీద పురుగుందో నేర్చుకున్న కందిరీగకే గుడ్లు పెట్టే చోటు దొరుకుతుంది.

అన్నీ అనుభవం చేతిలోనే లేవు. అప్పటి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1990లలో కందిని పరీక్షించారు. ఎదిగే దశలో కంది వాసన ట్రైకోగ్రామాను ఆకర్షించింది, పూత కాత దశలో దూరం తరిమింది. శనగపచ్చ పురుగు గుడ్లు ఎక్కువగా పెట్టేది ఆ దశలోనే.

బదనిక గుడ్డు పెట్టిన పురుగు గుడ్లను అట్టకు అంటించి పొలంలో కట్టేవే ట్రైకో కార్డులు. మన కార్డుల్లోని కందిరీగలు పెరిగేది బియ్యపు రెక్కల పురుగు గుడ్లలో. వాటికి తొలి పరిచయం ఆ గుడ్డే, వరి ఆకు కాదు. అందుకని బదనిక చేరి నల్లబడ్డ గుడ్లను లెక్కపెట్టి కార్డు మంచిదనడం చాలదు. వాటిలోంచి వచ్చిన కందిరీగలు మొగి పురుగు గుడ్లను వెతుకుతున్నాయా అని కూడా తయారీదారులు పరీక్షించాలి. రైతులు చేయగలిగింది కూడా ఉంది: మొగి పురుగు రెక్కల పురుగులు కనబడగానే కార్డులు కట్టండి, కట్టాక ఆ మడిలో పురుగుమందు కొట్టకండి.